క్లారిస్ లేత్ మీద సగ్డెన్ చెయ్యి

ప్రతి పొద్దున్నా పని మొదలయ్యే వేళకి విల్ఫ్రెడ్ సగ్డెన్ అనే పెద్దాయన క్లారిస్ హెలివెల్ లేత్ మిషను దగ్గరికి వచ్చి, దాని మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే నిలబడి, చెయ్యి తీసేసి వెళ్ళిపోయేవాడు. ఒక్క మర తిప్పేవాడు కాదు, ఒక్క టూలు ముట్టుకునేవాడు కాదు. "బాగున్నావా అమ్మాయ్?" అనేవాడు. "బాగానే ఉన్నానండి. మీ మోకాలు ఎట్లా ఉంది?" అనేది క్లారిస్. "దాని గోల దానిది" అనేవాడు. అంతే, సెట్టర్ గారు వచ్చి ఆడమనిషికి మిషను సెట్ చేసి ఇచ్చినట్టు లెక్క.

నిజానికి ఆయన వచ్చేసరికే క్లారిస్ కడ్డీ బిగించి, టూళ్ళన్నీ వరసలో అమర్చి, మొదటి ముక్క కోసి, గేజి పెట్టి కొలత చూసుకుని కూర్చునేది. ఆ సంగతి సగ్డెన్‌కి తెలుసు, ఫోర్‌మన్ బారక్లఫ్‌కి తెలుసు, షెడ్డులో ఉన్న పిల్లికి కూడా తెలుసు. మరి ఈ నాటకం ఎందుకంటే, జర్మనీతో యుద్ధం వచ్చి మా హాలిఫాక్స్ ఊళ్ళో మగవాళ్ళు సగం మంది పటాలంలోకి పోయాక, వాళ్ళ పనుల్లోకి ఆడవాళ్ళని తీసుకునేటప్పుడు యజమానులకీ యూనియన్‌కీ ఒక ఒప్పందం కుదిరింది. మగవాడి పనిని ఆడది ఎవరి సాయమూ లేకుండా చేయగలిగితే ఆమెని పూర్తి పనిమంతురాలిగా, జీతంలో కూడా మగవాడితో సమానంగా ఒప్పుకోవాలి. సాయం ఉంటే మాత్రం ఆమె ఎన్నాళ్ళు చేసినా నేర్చుకుంటున్న పిల్ల కిందే లెక్క. ఆ "సాయం" అన్న మాటని మా కంపెనీ వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అందుకని సగ్డెన్ చెయ్యి. ఇంత తెలివి జర్మనీ మీద చూపించి ఉంటే యుద్ధం ఎప్పుడో అయిపోయేది.

ఆడవాళ్ళు దానికి "దీవెన" అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి సగ్డెన్‌కి రొమ్ము పట్టేసి పనికి రాలేదు. దీవెన తప్పిపోతుందేమోనని బారక్లఫే గోధుమరంగు కోటు ఎగరేసుకుంటూ వచ్చి, కాలిన పెనాన్ని తాకినట్టు క్లారిస్ మిషను తాకి వెనక్కి తిరిగాడు. పక్క మిషను మీదున్న నోరా సైక్స్ ఊరుకుంటుందా? ఆవిడ యూనియన్ మనిషి, పైగా నోటికి తాళం లేదు.

"అయ్యా బారక్లఫ్ గారూ, నా మిషనుకి కూడా ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందండీ. మీ చల్లని చెయ్యి ఇటు కూడా వేసి పోండి!"

షెడ్డంతా గొల్లుమంది. బారక్లఫ్ చెవులు ఎర్రబడ్డాయి. క్లారిస్ కూడా నవ్వింది గాని, ఆ నవ్వు ఆమె కడుపులోకి దిగలేదు. తను చేసిన పని మీద రోజూ ఇంకొకడి చెయ్యి పడటం ఆమెకి ఒళ్ళు మంట. ఆ మంట ఎవరితోనూ చెప్పుకునే రకం కాదు ఆమె.

ఆమె పుట్టింది ఆ ఊళ్ళోనే, కొండవాలులో ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని కట్టిన ఇళ్ళల్లో. పదిహేనేళ్ళప్పుడు తల్లి పోయింది, ఆ మరుసటి ఏడే రంగుల మిల్లులో ఊపిరితిత్తులు చెడి తండ్రీ పోయాడు. మిగిలింది చంటి చెల్లెలు ఐడా. చుట్టాలు పిల్లని తలా కొన్నాళ్ళు ఉంచుకుంటామన్నారు. "ఇదేమైనా గొడుగా, చేతులు మారడానికి?" అని క్లారిస్ పిల్లని చంకనేసుకుని, తివాచీల మిల్లులో మగ్గం పనికి పోయింది. తర్వాత ఫ్రెడ్ అనే ట్రాము కండక్టరు ఆమె వెంట తిరిగాడు. మంచివాడే. ఒక సాయంత్రం నసుగుతూ, "నిన్ను చేసుకుంటాను గానీ, చిన్నదాన్ని ఎక్కడైనా అప్పజెప్పకూడదూ?" అన్నాడు. "నీ ట్రాము కదులుతోంది ఫ్రెడ్, ఎక్కు" అంది క్లారిస్. ఆ తర్వాత ఆ దారి తొక్కినవాళ్ళు లేరు, ఆమె కూడా ఎవరి కోసం చూడలేదు.

యుద్ధం రెండో ఏడు తివాచీల మిల్లు మూసేశారు. బాంబులు పడుతుంటే తివాచీలు ఎవడిక్కావాలి? లేబర్ ఆఫీసులో ఒకాయన ఆమె ముందు రెండు దారులు పెట్టాడు: ఎక్కడో దూరాన మందుగుండు కూరే ఫ్యాక్టరీ, లేదా ఊళ్ళోనే లేత్ పని. ఐడాని వదిలి పోలేక లేత్ పని ఒప్పుకుంది. మొదటిరోజు ఆ మిషన్లని చూసి ఆమెకి భయం వేసింది. మగ్గం మీద దారం తెగితే ముడేసుకోవచ్చు, ఇక్కడ వేలు తెగితే? టూలు వేడెక్కకుండా పోసే సబ్బునీళ్ళు చేతుల మీద పడీ పడీ చర్మం పగిలిపోయింది. ఇనుప తరుగు జుట్టులో దూరేది, జోళ్ళలో దూరేది, ఒకరోజు రొట్టెముక్కలో కూడా వచ్చింది.

కానీ మగ్గాల రొదలో పెరిగిన చెవి ఆమెది. వంద మగ్గాల మధ్య తన మగ్గం ఎక్కడ తప్పు పాడుతోందో వినిపించే చెవి. ఆ చెవి ఇక్కడా పనికొచ్చింది. టూలు మొద్దుబారబోతుంటే కంటికి కనపడక ముందే ఆమెకి వినపడేది. సగ్డెన్ మొదట్లో దగ్గరుండి నేర్పాడు, బాగా నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆమెకి నేర్పడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. పొద్దున్నే టూళ్ళు అమర్చి, మొదటి ముక్క గేజిలో సరిగ్గా కూర్చున్నప్పుడు ఆమెకి కలిగే తృప్తి ఇంతా అంతా కాదు. ముప్ఫై ఏళ్ళు దాటాక తనలో ఇంత పనితనం దాక్కుని ఉందని తెలిసింది ఆమెకి. అది బయటికొచ్చింది గదా అని గర్వపడింది. గర్వపడిందని చెప్పడానికి సిగ్గెందుకు?

అయితే ఆ షెడ్డు మాత్రం బోనే. విమానాలకి వెలుగు కనపడకూడదని పైకప్పు అద్దాలకి నల్లరంగు పూశారు. చీకట్లో లోపలికి పోవడం, చీకట్లో బయటికి రావడం. గేటు దగ్గర హాజరు బిళ్ళ ఇచ్చి పోవాలి, దొడ్డికి పోవాలన్నా ఫోర్‌మన్‌ని అడిగి పోవాలి. ఇక పని మానేద్దామంటే చట్టం ఒప్పుకోదు. కంపెనీ వదిలితే, ఆపైన సర్కారు ఆఫీసరు సరేనంటే తప్ప ఎవరూ కదలడానికి లేదు. "మొగుణ్ణైనా వదిలించుకోవచ్చు గాని ఈ బారక్లఫ్‌ని వదిలించుకోలేం కదే" అనేది నోరా.

ఐడా మిఠాయి ఫ్యాక్టరీలో పొట్లాలు కట్టేది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు దగ్గితే చేతిరుమాలు ఎర్రగా అయింది. డాక్టరు ఆమెని మోర్‌కామ్ అఖాతం ఒడ్డున కొండమీదున్న క్షయ ఆసుపత్రికి పంపించాడు. అక్కడ మందంటే గాలే. మంచాలన్నీ తెరిచిన వరండాలో వరసగా వేసి, చలికాలంలో కూడా ఎర్ర కంబళ్ళు కప్పి, కాళ్ళ దగ్గర వేణ్ణీళ్ళ సీసా పెట్టి పడుకోబెడతారు. నెలకి ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం చూడనిస్తారు. క్లారిస్ మూడు రైళ్ళు మారి వెళ్ళేది. రెండు గంటలు చెల్లెలి పక్కన కూర్చుని మళ్ళీ మూడు రైళ్ళు మారి వచ్చేది.

ఐడాకి కావాల్సింది ఊరి కబుర్లు కాదు, లేత్ కబుర్లు.

"అక్కా, ఆ గుండ్రంగా తిరిగేదాంట్లో ఎన్ని టూళ్ళు పెడతావో మళ్ళీ చెప్పవా? ఒసే లిల్లీ, ఇటు తిరుగు! మా అక్క చెబుతోంది. మా అక్క ఇంజనీరు!"

"ఇంజనీరేమిటే నీ మొహం! లేత్ తిప్పుతానంతే."

"విమానం గాల్లోకి లేస్తే అందులో మా అక్క చేసిన ముక్క ఉంటుంది. అది చేసినావిడ ఇంజనీరు కాకపోతే ఎవరట, చర్చి పాస్టరా?"

పక్క మంచం మీది లిల్లీ దుప్పట్లో నవ్వేది. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గొస్తే నర్సు తిడుతుంది. అయినా ఆ వరసలో పిల్లలంతా క్లారిస్ ఆదివారం కోసం కాచుకుని ఉండేవాళ్ళు. ఐడా కూడా అక్కలాగే బోనులో ఉంది పాపం. తేడా ఏమిటంటే దాని బోనుకి గోడలు లేవు.

యుద్ధం ఐదో ఏడు ఆకులు రాలే రోజుల్లో డాక్టరు క్లారిస్‌ని నడవలోకి పిలిచాడు. రెండో ఊపిరితిత్తికీ పాకిందన్నాడు. "వసంతం దాకా ఉంటే మన అదృష్టం" అన్నాడు. ఆ సంగతి విన్న పెద్ద నర్సు ఆమెని తన గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"ఇదుగో అమ్మా, మాకు వార్డు ఊడ్చి తుడిచే మనుషులు దొరకడం లేదు. నువ్వొస్తానంటే రేపే పెట్టుకుంటాను. పైన అటక గది ఉంది. రోజూ నీ చెల్లెలి మంచం చుట్టూ తుడుస్తూ ఉండొచ్చు. ఆసుపత్రి పని కూడా దేశం పనే కదా, సర్కారు కాదనదు. మీ కంపెనీ వదలాలి, అంతే."

"ఐడాకి చెప్పకండమ్మా" అంది క్లారిస్. "ఆశ పెట్టి రాలేకపోతే దాని ప్రాణం ఉసూరుమంటుంది."

మర్నాడే మేనేజరు క్రాబ్‌ట్రీ గదికి వెళ్ళింది. ఆయన పెద్దమనిషి, గట్టిగా ఒక మాట అనడు. అంతా విని, చెల్లెలి గురించి జాలిపడి, అద్దాలు తుడుచుకుని, "కుదరదమ్మా" అన్నాడు.

"ఎందుకు కుదరదండీ? కొత్తగా నేర్చుకున్న పిల్లలు గేటు బయట వరసలో ఉన్నారు."

"నీలాంటివాళ్ళు లేరు. నీ మిషను ఆగితే నీ ముక్కల కోసం చూసే నాలుగు మిషన్లు ఆగుతాయి. నువ్వు ఈ షెడ్డుకి వెన్నెముకవి."

కిందటి వారమే ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని, బారక్లఫ్ యూనియన్‌తో చెప్పాడు: సగ్డెన్ లేకపోతే హెలివెల్‌కి మిషను మొదలుపెట్టడం కూడా రాదు అని. అంటే సమానంగా చూడమని అడిగితే ఏమీ రాని పిల్ల, వెళ్ళిపోతానంటే వెన్నెముక! ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏదీ చేయకుండా పోయి మిషను ముందు నిలబడింది.

యూనియన్ గొడవ నడుపుతున్నది నోరాయే. షెడ్డులో ఆడవాళ్ళందరినీ పూర్తి పనిమంతుల కింద ఒప్పుకోవాలని ఆవిడ రెండేళ్ళుగా పోట్లాడుతోంది. దానికి ఆవిడ చూపించేది క్లారిస్‌నే. ఒక్క క్లారిస్ విషయంలో సాయం అబద్ధమని తేలితే మిగతా దీవెనలన్నీ కొట్టుకుపోతాయని ఆవిడ ధీమా. టీ వేళ క్యాంటీను బల్ల దగ్గర క్లారిస్ తన ఆలోచన చెప్పింది. కంపెనీ కాదంటే సర్కారు అప్పీలు బోర్డు ఉంది. అక్కడికి పోయి, నాకు సెట్టింగ్ రాదు, నేను లేకపోయినా ఏమీ ఆగదు అని చెబుతుంది. కంపెనీ ఇన్నాళ్ళూ చెప్పిన మాటే తనూ చెబుతుంది. ఇక వాళ్ళు ఎట్లా కాదంటారు?

నోరా కప్పు బల్ల మీద పెట్టేసింది. "నీకేమన్నా మతి పోయిందా? నువ్వే రాదన్నాక ఇక మాకు మిగిలేదేమిటి? ఇంతమంది నోట్లో మట్టి కొడతావా?"

"మరి నన్నేం చెయ్యమంటావు నోరా?"

"ఇంకో దారి చూడు."

"ఏ దారి? చెప్పు, ఆ దారే పోతాను. ఉందా?"

దారి లేదని నోరాకీ తెలుసు. గొంతు తగ్గించి, "నీ నోటితో రాదనగలవా అసలు?" అంది.

"అంటాను. ఐడా కోసం గుడ్డిదాన్ని, చెవిటిదాన్ని కూడా అంటాను."

నోరా లేచి వెళ్ళిపోయింది. తర్వాత చాలా రోజులు వాళ్ళిద్దరి మధ్యా మిషన్ల చప్పుడే తప్ప మాటల్లేవు. క్లారిస్‌కి నిద్ర పట్టేది కాదు. తను చేయబోయేది ద్రోహమని ఆమెకి తెలుసు. తెలిసీ చేయడానికే నిశ్చయించుకుంది. ఐడాని చంకనేసుకున్ననాడు ఎవరినీ అడగలేదు, ఇవాళా అడగదలచుకోలేదు.

బోర్డు ముందు ఆమె ఒక్కతే చెబితే చాలదు, సాక్షి కావాలి. సాక్షి ఎవరో వెతకనక్కరలేదు కదా. ఒక పొద్దున సగ్డెన్ వచ్చి మిషను మీద చెయ్యి పెట్టినప్పుడు అడిగింది.

"సగ్డెన్ గారూ, మీరు నాకొక మేలు చెయ్యాలి. అప్పీలు బోర్డులో మీ పేరు చెప్పాను. మిషను రోజూ మీరే సెట్ చేస్తారా అని అడుగుతారు."

ఆయన చెయ్యి అట్లాగే ఉంచి ఆమె వంక చూశాడు. చెల్లెలి సంగతి ఆయనకి తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు.

"అడిగినదానికి జవాబు చెబుతాను అమ్మాయ్" అన్నాడు.

క్లారిస్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ మాటని ఆమె ఒప్పుకోలు అనుకుంది. అదే ఆమె పొరపాటు. సగ్డెన్ మెథడిస్టు అనే నిష్ఠగల క్రైస్తవ శాఖ మనిషి. మందు ముట్టడు, పందెం కట్టడు, ఒట్టు వెయ్యడు, ఆదివారం బూట్లు కూడా తుడుచుకోడు. మా ఊళ్ళో ఆ రకం పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళ లెక్కలో పాపం నాలుక దగ్గర మొదలవుతుంది. చెయ్యి పెట్టమన్నారు, పెట్టాడు. దాని అర్థం ఏమిటని ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. రెండేళ్ళపాటు రోజూ చేత్తో అబద్ధం ఆడినవాడు నోటితో ఒక్కసారి ఆడలేడా అనుకుంది క్లారిస్. అక్కడే పుట్టి పెరిగి కూడా ఆమెకి ఆ తేడా తట్టలేదు.

బోర్డు లేబర్ ఆఫీసు మేడమీద కూర్చుంది. మధ్యలో అధ్యక్షుడు, రిటైరైన లాయరు. అటు యజమానుల తరఫున ఒకరు, ఇటు పనివాళ్ళ తరఫున ఒకరు. కంపెనీ వైపు క్రాబ్‌ట్రీ, బారక్లఫ్ వచ్చారు. వెనక బెంచీ మీద నోరా మొహం మాడ్చుకుని కూర్చుంది. క్లారిస్ తనకున్న ఒకే ఒక మంచి టోపీ పెట్టుకుని వచ్చింది.

క్రాబ్‌ట్రీ వెన్నెముక పాట మళ్ళీ పాడాడు. అధ్యక్షుడు క్లారిస్ వైపు తిరిగాడు.

"మిస్ హెలివెల్, మీరు వెళితే మీ మిషను ఆగిపోతుందంటున్నారు. నిజమేనా?"

"కాదండి. నాకు సెట్ చెయ్యడం రాదు. రోజూ పొద్దున్నే సగ్డెన్ గారు వచ్చి సెట్ చేస్తేనే నేను మొదలుపెడతాను. నా బదులు ఏ పిల్లని నిలబెట్టినా జరిగిపోతుంది."

చెప్పేసింది. తన చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆ చేతుల్ని చూడలేకపోయింది.

పనివాళ్ళ తరఫు మనిషి క్రాబ్‌ట్రీని అడిగాడు: "మీ ఫోర్‌మన్ యూనియన్‌తో చెప్పిందీ ఇదే కదండీ? సాయం లేకపోతే ఈమెకి ఏమీ రాదని?"

క్రాబ్‌ట్రీ నీళ్ళు నమిలాడు. బారక్లఫ్ కిటికీ వంక చూశాడు. ఔనంటే క్లారిస్ పోతుంది, కాదంటే రెండేళ్ళ దీవెన బయటపడుతుంది. గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆ పెద్దమనిషి కూర్చోవడం చూస్తే క్లారిస్‌కి మొదటిసారి గుండెల్లో ఆశ కదిలింది. అటక గది కనపడింది. ఐడా మంచం కింద చీపురు పెట్టి తుడుస్తూ, దాని పాదం పట్టుకుని లాగినట్టు కూడా అనిపించింది.

"సగ్డెన్‌ని పిలవండి" అన్నాడు అధ్యక్షుడు.

ఆయన టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు.

"రోజూ పొద్దున ఈమె మిషను మీరే సెట్ చేస్తారా?"

సగ్డెన్ క్లారిస్ వంక చూశాడు. తర్వాత తల దించుకుని, "చెయ్యి పెడతానండి" అన్నాడు.

"అంటే?"

"అంటే చెయ్యి పెడతాను. పెట్టమన్నారు, పెడుతున్నాను. నేను వెళ్ళేసరికే ఆ పిల్ల అంతా సెట్ చేసుకుని ఉంటుంది. నేను ముట్టుకోవాల్సింది ఏమీ ఉండదు." అడగని మాట కూడా చెప్పేశాడు. "నా జీవితమంతా ఈ పనిలోనే ఉన్నానయ్యా. నా చేతికింద ఎంతోమంది కుర్రాళ్ళు నేర్చుకున్నారు. ఇంత చక్కగా సెట్ చేసినవాణ్ణి నేను చూడలేదు. నాకంటే బాగా చేస్తుంది. ఆమె మిషను మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు సిగ్గేసేది."

ఆ మాట ఎవరైనా అంటే వినాలని క్లారిస్ ఎన్నాళ్ళు కాచుకుంది! రోజూ గేటు దాటి వస్తూ, పోతూ, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అంటారనుకుంది. అన్నారు. ఈవేళే అన్నారు.

క్రాబ్‌ట్రీ చురుకైనవాడు. దీవెన నాటకం పోయిందని అర్థమైంది, మనిషినైనా దక్కించుకుందామని లేచాడు. "చూశారా అండీ, మా పాత సెట్టరే చెబుతున్నాడు. ఇలాంటి మనిషిని యుద్ధంలో ఎట్లా వదులుకుంటాం?"

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ఎంతోసేపు పట్టలేదు. అప్పీలు కొట్టేశారు. చెల్లెలి విషయం విచారకరమని, కంపెనీ వీలైనప్పుడు ఇంకొక ఆదివారం ఇవ్వాలని అధ్యక్షుడు దయగా అన్నాడు. తప్పకుండా చూస్తామని క్రాబ్‌ట్రీ అంతకంటే దయగా అన్నాడు. ఆ ఆదివారం ఎన్నడూ రాలేదు.

బయట మెట్ల మీద సన్నగా వాన. సగ్డెన్ టోపీ పెట్టుకోకుండా తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్..."

"ఒక్క అబద్ధం సగ్డెన్ గారూ. ఒక్కటి. రోజూ ఆడుతూనే ఉన్నారుగా."

"నోటితో ఎప్పుడూ ఆడలేదు తల్లీ. నన్ను ఇంతకు ముందు ఎవరూ అడగలేదు. ఈవేళ అడిగారు."

"చెయ్యి ఆడితే మీ దేవుడికి కనపడదా?"

ఆయన ముసలి కళ్ళు ఎర్రబడ్డాయి. "నీ గురించి మంచిమాటే చెప్పాననుకున్నాను" అన్నాడు.

"మంచిమాటే. నన్ను లోపల పెట్టి తాళం వేసేంత మంచిమాట చెప్పారు."

అని ఆమె వానలోకి దిగి వెళ్ళిపోయింది. అంత కఠినంగా మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. కాని వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. ఆయన అబద్ధం ఆడి ఉండాల్సిందనే నేనూ అంటాను.

క్రిస్మస్ లోపలే కంపెనీ దిగొచ్చింది. నాటకం బోర్డు ముందే బయటపడ్డాక ఇక ఏం చేస్తారు? షెడ్డులో ఆడవాళ్ళని పూర్తి పనిమంతులుగా ఒప్పుకున్నారు, అందరికంటే ముందు క్లారిస్‌ని. ఆడవాళ్ళు బల్లలెక్కి పాడారు. నోరా మాత్రం పాడకుండా క్లారిస్ పక్కన వచ్చి కూర్చుంది.

"గెలిచినందుకు సంతోషంగా లేదని నీతో అబద్ధం చెప్పను. రెండేళ్ళు కొట్టుకున్నాను దీనికోసం. కాని నీ మొహం చూస్తే ఆ సంతోషం నాకు గొంతు దిగడం లేదే."

"మింగెయ్యి" అంది క్లారిస్. "ఒకరికైనా దిగనీ."

ఆ సోమవారం నుంచి సగ్డెన్ రాలేదు. దూరాన వేరే వరసలో పని చూసుకుంటూ, ఇటు చూడకుండా తిరిగేవాడు. క్లారిస్ కడ్డీ బిగించింది, టూళ్ళు అమర్చింది, మొదటి ముక్క కోసి గేజి పెట్టింది. సరిగ్గా ఉంది. ఏ లోపమూ లేదు. నల్లరంగు కప్పు కింద అది తన సొంత మిషనుగా నిలబడింది, తనూ దానికి సొంతమై నిలబడింది.

జనవరి ఆదివారం ఐడాని చూడబోయేటప్పుడు షెడ్డులో ఆడవాళ్ళు తలా కాస్త రేషను చక్కెరా కొవ్వూ పోగేసి, ఓట్సు పిండితో, నల్లబెల్లం పాకంతో పార్కిన్ అనే కేకు చేసి ఇచ్చారు. ఐడా మరీ సన్నబడిపోయింది. కంబళి కింద మనిషి ఉన్న జాడ తెలియడం లేదు. గొంతు పైకి రావడం లేదు, క్లారిస్ వంగి చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది.

"పార్కిన్ ఎవరిచ్చారు? ఏమిటి విశేషం? చెప్పవా అక్కా?"

చెప్పకుండా ఉందామనుకుంది. కాని చెప్పడానికి ఆమె దగ్గర ఇంకేముంది? బోర్డు ఎందుకు కూర్చుందో దాటేసి, సగ్డెన్ ఏమన్నాడో చెప్పింది. చెయ్యి పెట్టడం, సిగ్గేసేదనడం, ఇంత చక్కగా చేసినవాణ్ణి చూడలేదనడం, కంపెనీ ఒప్పుకోవడం, ఆడవాళ్ళు బల్లలెక్కడం. చెబుతున్నంతసేపూ ఐడా కళ్ళు పెద్దవవుతూ వచ్చాయి. చివరికి ఆ పిల్ల మోచేతి మీద లేవబోయి, లేవలేక, పక్కకి తిరిగి పిలిచింది.

"లిల్లీ! విన్నావా? నేను చెప్పలేదూ? ఇప్పుడు వాళ్ళూ చెబుతున్నారు!"

లిల్లీ కంబళిలోంచి చేతులు తీసి చప్పట్లు కొట్టింది. దాని పక్క మంచం పిల్ల కొట్టింది, ఆ పక్కది కొట్టింది. వరండా చివరిదాకా చప్పట్లే. నర్సు పరిగెత్తుకొచ్చి అందరినీ కసిరింది. ఐడా దగ్గుతూ, నవ్వుతూ, మళ్ళీ దగ్గుతూ, అక్క చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పగిలిన వేళ్ళని, గోళ్ళ కింద పోని నలుపుని ముద్దుగా నిమిరింది.

"అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో. ఇంక నిన్ను జన్మలో వదలరు అక్కా!"

"అవునే, వదలరు" అంది క్లారిస్. నవ్వింది కూడా. ఐడా కోసం ఎంత నవ్వాలో అంతా నవ్వింది. చూడవచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట కొట్టారు. ఆమె కంబళి అంచులు పరుపు కిందకి దోపి, వేణ్ణీళ్ళ సీసా సరిచేసి, మొదటి రైలు అందుకోవడానికి కొండ దిగింది.

ఐడా ఫిబ్రవరిలో పోయింది. ఆదివారం కాదు, పనిరోజు.